అరుదైన పూజావృక్షాలు – ఎంపికలో పాటించవలసిన వివేకం



ఆలయానికి విచ్చేసే భక్తులలో పలువురు ఇటీవల నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "పంతులుగారూ! స్వామివారి తోటకు ఒక మొక్క సమర్పించుకోవాలని ఉంది. అందరూ ఇచ్చే మందారమూ గులాబీ కాక అపురూపమైనది ఏదైనా సెలవియ్యండి" అని. తమ పెరటిలో నిత్యపూజకు ఉపయోగపడే విశేషమైన మొక్కలు నాటుకోదలచిన గృహస్థులు కూడా ఇదే అడుగుతారు. సంకల్పం ఉత్తమమైనదే. దానికి తగిన వివేకం కూడా తోడు కావాలనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

బంతివంటి మొక్క ఒక ఋతువులో మొలిచి, పూచి, ఎండిపోతుంది. దాని విషయంలో జరిగిన పొరపాటు ఆ ఋతువుతోనే సమసిపోతుంది. కాని పొగడ, సంపెంగ, నాగకేసరం వంటివి నాటిన మనిషి వెళ్ళిపోయిన తరువాత కూడా నిలిచి ఉంటాయి. తప్పుడు పేరుతో నాటిన చెట్టు 50 ఏండ్లు ఆ పేరుతోనే పెరుగుతుంది. ముందు తరం అర్చకుడు దానినే ప్రమాణంగా గ్రహిస్తాడు, దాని పూవునే స్వామికి సమర్పిస్తాడు. అసలు చెట్టు ఏదో చెప్పేవారు అప్పటికి ఉండరు. కనుక చిరకాలం నిలిచే మొక్కను ఎన్నుకొనడం చిన్న విషయం కాదు.

అపురూపమంటే ఏమిటి?

అపురూపమనగానే అధికమైన వెల, విదేశీయమైన పేరు చాలామందికి స్ఫురిస్తాయి. నా దృష్టిలో, ఒకప్పుడు మన ఊళ్ళలో సులభంగా లభించి, నేడు అర్చకునికి వెదకినా దొరకని మొక్కే అపురూపమైనది. వినాయక చవితినాటి ఏకవింశతి పత్రిని తలచుకోండి. మాచీపత్రం, బృహతి, విష్ణుక్రాంతం, మరువం, సింధువారం, శమి, అర్జునం ఇత్యాదులు ఆ 21లో ఉన్నాయి. పండుగనాడు అంగడిలో కొనే కట్టలో వీటిలో ఎన్ని ఉన్నవో విప్పి చూచినవారికి తెలుస్తుంది. చాలా కట్టలలో చేతికి అందిన కొమ్మలే ఉంటాయి. ఉన్న ఒకటి రెండు నిజమైన మొక్కలు కూడా పొలాలనుండి, అడవి అంచులనుండి వేళ్ళతో పెరికి తెచ్చినవే. వేరుతో పోయిన విష్ణుక్రాంతం మరుసటి ఏడు ఆ చోట మొలవదు. పూజ పేరిట పూజాద్రవ్యానికే లోపం తెచ్చుకొనడం ధర్మం కాదు.

కాబట్టి ఒక మాచీపత్రి దుబ్బు, ఒక వావిలి పొద, ఒక జమ్మి మొక్క తోటలో స్థిరపడేలా చేసిన దాత, ఖరీదైన విదేశీ పూలమొక్క ఇచ్చిన దాతకంటె ఎక్కువ మేలు చేసినవాడని నా అభిప్రాయం.

పేరు సరిచూచుకొనడం

మా గురుకులంలో అమరకోశాన్ని ముందు కంఠస్థం చేయించి, తరువాత అర్థం చెప్పేవారు. ద్వితీయకాండలోని వనౌషధివర్గం వల్లించేటప్పుడు ఒక సంగతి గమనించాను. ఒకే పేరు పలు చెట్లకు ఉంటుంది, ఒకే చెట్టుకు పలు పేర్లుంటాయి. కేసర శబ్దాన్నే తీసుకోండి. అది పున్నాగానికీ చెల్లుతుంది, వకుళానికీ చెల్లుతుంది, నాగకేసరానికీ చెల్లుతుంది. ఇవి మూడూ వేరువేరు చెట్లు. అందుచేత పేరు విన్నంతనే తృప్తిపడక, ఆకు, పూవు, కాయ చూచి నిర్ణయించుకోవాలి. సాధారణంగా కలిగే భ్రమలు కొన్ని తెలియజేస్తాను.

అశోకం: నిటారుగా స్తంభంవలె పెరిగి, అంచులు అలలుగా ఉండే పొడవైన ఆకులను క్రిందికి వ్రేలాడవేసే చెట్టును చాలామంది అశోకమంటారు. అది నరమామిడి జాతి. రామాయణంలోని అశోకం వేరు. దానిని సీతాశోకమని కూడా వ్యవహరిస్తారు. దాని కొమ్మలు విస్తరించి నీడనిస్తాయి. పూలు గుత్తులుగా, మొదట నారింజ వన్నెలో విచ్చి క్రమంగా ఎరుపెక్కుతాయి. లేత ఆకులు రాగి రంగులో కుచ్చులుగా వ్రేలాడుతాయి. బెరడుకు ఔషధవిలువ ఉన్నందున అడవులలో దీనిని విపరీతంగా కొట్టివేశారు. నేడు ఇది ముప్పులో ఉన్న వృక్షాల పట్టికలో చేరింది.

పున్నాగం: మన ప్రాంతాలలో పొడవైన తెల్లని కాడతో రాత్రివేళ రాలే సువాసన పూలను పున్నాగపూలంటారు. ఆ చెట్టు నిజానికి ఆకాశమల్లె, దానినే కాడమల్లె అని కూడా అంటారు. కావ్యాలలో చెప్పే పున్నాగం మన పొన్నచెట్టు. దళసరిగా మెరిసే ఆకులు, నడుమ పసుపు కేసరాలున్న తెల్లని పూలు, గుండ్రని కాయలు దాని గుర్తులు. అమరసింహుడు దీనికి దేవవల్లభమనే పేరు కూడా చెప్పాడు. దేవతలకు ఇష్టమైనదని దాని అర్థం.

మాధవీలత: ఎరుపు, గులాబీ, తెలుపు రంగులు ఒకే గుత్తిలో చూపే రాధామనోహరాన్ని కొందరు మాధవీలతగా ఎంచుతారు. అసలు మాధవికి అతిముక్తమనే పేరుంది. తెల్లని పూరేకుల అంచులు కుచ్చులవలె చీలి ఉంటాయి. అయిదింటిలో ఒక రేకుపై పసుపు ఛాయ ఉంటుంది. కాయకు మూడు రెక్కలుంటాయి. ఈ రెక్కలు చూచినవారికి ఇక సందేహం కలుగదు.

విష్ణుక్రాంతం: ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి. అమరకోశంలో గిరికర్ణి, విష్ణుక్రాంత, అపరాజిత అనే పేర్లు ఒకే చోట పర్యాయాలుగా వస్తాయి. ఆ మార్గంలో శంఖపుష్పపు తీగనే విష్ణుక్రాంతంగా గ్రహించేవారున్నారు. నేలపై పాకుతూ చిన్న నీలిపూలు పూచే మొక్కను గ్రహించేవారు మరికొందరు. మీ ఇంటి ఆచారం ఏదో పెద్దలను అడిగి దానినే అనుసరించండి. కాని అలంకారం కొరకు కుండీలలో అమ్మే, దట్టమైన నీలిపూల దక్షిణ అమెరికా మొక్క మాత్రం ఈ రెంటిలో ఏదీ కాదు. చూపునకు పోలిక ఉన్నంతమాత్రాన దానికి శాస్త్రీయత సిద్ధించదు.

జమ్మి: ధనిష్ఠా నక్షత్రానికి చెప్పిన శమీవృక్షం ఇదే, విజయదశమినాడు పూజలందుకొనేదీ ఇదే. తెలంగాణ ప్రభుత్వం దీనిని రాష్ట్రవృక్షంగా ప్రకటించింది. దీని బంధువైన సర్కారుతుమ్మ అమెరికా ఖండాలనుండి వచ్చి మన బీళ్ళను ఆక్రమించింది. చిన్నతనంలో రెండింటి ఆకులూ ఒకే తీరుగా కనబడతాయి. అందుచేత జమ్మిని గుర్తెరిగిన చెట్టుక్రింద ఏరిన విత్తనాలతో పెంచడం క్షేమం.

దేవదారు: ఇది హిమాలయాల చలిలో పెరిగే మహావృక్షం. మన మైదానాల ఎండకు నిలువదు. మన కొండలలో దేవదారి అనే చిన్న చెట్టు ఒకటి ఉంది, అది వేరు జాతి. కనుక దేవదారు మొక్కను మా తోటకు ఇస్తామని ముందుకు వచ్చేవారికి నేను వేరొక మొక్కను సూచిస్తాను.

స్థలనిర్ణయం

పేరు తేలిన తరువాత చూడవలసినది స్థలం. వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. చెట్టుకూ చెట్టుకూ నడుమ 20 హస్తాల దూరం ఉత్తమమనీ, 16 మధ్యమమనీ, 12 అధమమనీ అందులో నిర్ణయించాడు. హస్తం అంటే రమారమి ఒకటిన్నర అడుగు. అనగా 30, 24, 18 అడుగులన్నమాట. నాటేటప్పుడు మొక్క జానెడే కదా అని దగ్గరదగ్గరగా పెట్టిన తోటలో పదేండ్లకు ఒకదాని నీడ మరొకదానిని చంపుతుంది. 18 అడుగుల చోటు కూడా లేనివారు వృక్షాన్ని కాక పొదనో తీగనో ఎన్నుకొనడం మేలు.

రావి, మర్రి, మేడి పవిత్రమైనవే. అయినా వాటిని ప్రాకారానికి, గోపురానికి, బావికి దగ్గరగా నాటరాదు. పక్షులు వదలిన రావి విత్తనం గోపురపు పగులులో మొలిచి, ఆ రాళ్ళను ఎడబాపడం ఎన్ని ప్రాచీనాలయాలలో చూడలేదు! చెరువుగట్టు, ఊరిబయలు వాటికి యోగ్యమైన స్థానాలు.

నాగలింగం శివాలయాలలో ఎంతో ప్రీతిపాత్రమైనది. శివలింగంపై పడగ పట్టినట్లుండే పూవు దానికి ఆ పేరు తెచ్చింది. అది దక్షిణ అమెరికానుండి వచ్చిన చెట్టు. వచ్చిన చోటు ఏదైనా, భక్తుల మనస్సు దానిని తనదిగా చేసుకొన్నది, అందులో దోషం లేదు. కాని దాని కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి. మాను మీదనే కాచి, ఎప్పుడో హఠాత్తుగా రాలుతాయి. పగిలిన కాయ దుర్గంధం వెదజల్లుతుంది. కనుక ప్రదక్షిణ మార్గంలోనూ, భక్తులు కూర్చునే అరుగుల దగ్గరా దీనిని నాటరాదు. చుట్టూ కంచె గల మూలస్థలం దీనికి తగినది.

గన్నేరు, ఉమ్మెత్త, పచ్చగన్నేరు విషపూరితాలు. ఆకు, పూవు, గింజ అన్నీ హానికరమే. పూజకు కావాలి కనుక తోటలో ఉండవచ్చు. కాని పసిపిల్లలు తిరుగాడే చోట, పశువులు మేసే చోట, అన్నదాన మండపం దాపున ఉండరాదు.

దేవతానుగుణ్యం కూడా స్థలనిర్ణయంలోని భాగమే. మొగలిపూవు శివపూజకు నిషిద్ధమని అందరికీ తెలిసినదే. శివాలయానికి మొగలి పొద సమర్పిస్తే అర్చకునికి అది ఇబ్బంది అవుతుంది. కనుక మొక్క కొనే ముందు ఆ ఆలయ అర్చకుని అడగడం ప్రథమ కర్తవ్యం.

విత్తనమా, కొమ్మా, అంటా?

వృక్షాయుర్వేదం కొన్ని మొక్కలను కాండంతో నాటదగినవిగా పేర్కొంటుంది. దానిమ్మ, అశోకం, అతిముక్తం ఆ కోవలోనివి. కొమ్మకు గోమయం పూసి నాటమని అందులో విధించారు. ఈ విభాగం నేటికీ అవసరమే, ఎందుకంటే మొక్క ఎలా పుట్టినదో దానినిబట్టి అది పూచే కాలం ఉంటుంది.

సంపెంగ విత్తనంనుండి పెరిగితే పూతకు 8 నుండి 10 ఏండ్లు పట్టవచ్చు. అంటుకట్టిన మొక్క రెండు మూడేండ్లకే పూస్తుంది. పెద్ద వయస్సులో నాటి, తమ చేతితో స్వామికి పూవు సమర్పించుకోదలచినవారు అంటుమొక్కనే తీసుకోవాలి. సంపెంగ గింజకు మొలకెత్తే శక్తి త్వరగా నశిస్తుంది. ఎండబెట్టి దాచి మరుసటి ఏడు విత్తితే ఫలితముండదు.

మొగలిలో మగ చెట్టు పూవుకే పరిమళం. విత్తనంతో వచ్చిన మొక్క మగదో ఆడదో పూచేవరకు తెలియదు. పరిమళించే పొద మొదలున పుట్టిన పిలకను తెచ్చుకొంటే సందేహముండదు. గంజాం ఇసుక నేలలలో మొగలి విస్తారంగా పెరుగుతుంది. ఇసుక, తేమ ఉన్న చోటే దానికి నచ్చుతుంది. ముళ్ళు తీవ్రం కనుక నడవకు దూరంగా ఉంచాలి.

శ్రీగంధం నాటదలచినవారు మరొక విశేషం గ్రహించాలి. అది తన వేళ్ళతో ఇరుగుపొరుగు మొక్కల వేళ్ళను ఆశ్రయించి పోషకాలు తీసుకొంటుంది. ఒంటరిగా నాటితే క్షీణిస్తుంది. మొక్క పక్కనే కంది విత్తి, తరువాత శాశ్వతమైన మరో చెట్టును తోడుగా ఉంచాలి. ఈ సంగతి తెలియక ఎన్నో గంధపు మొక్కలు రెండేండ్లలోపే ఎండిపోయాయి.

ఏ మొక్కనైనా అడవినుండి పెరికి తేవడం మాత్రం కూడదు. అట్లా తెచ్చినది అధికభాగం బ్రతుకదు. అడవిలో ఉన్నదీ పోతుంది, తోటకూ దక్కదు. పెంచిన మొక్కనే, పెంచినవారి దగ్గరనే తీసుకోండి.

నేను సూచించే కొన్ని మొక్కలు

పెద్ద ఆవరణ, నీటి వసతి ఉన్నచోట సీతాశోకం, పొన్న, కడిమి నాటవచ్చు. అశోకానికి పసితనంలో కొంత నీడ, ఎల్లప్పుడూ తేమ అవసరం. నాగకేసరం కూడా తేమ కోరుతుంది, మిక్కిలి నిదానంగా పెరుగుతుంది. రాయలసీమవంటి పొడి ప్రాంతాలలో నీటి ఆధారం లేక దానిని నాటితే నిరాశే మిగులుతుంది. ఆ నేలలకు మారేడు, జమ్మి, వావిలి తగినవి. మారేడు చౌడు నేలను కూడా ఓర్చుకొంటుంది.

పొగడను గూర్చి ప్రత్యేకంగా చెప్పాలి. నిదానంగా పెరిగినా నిండైన నీడనిస్తుంది. రాలిన పూవు ఎండినా పరిమళం విడువదు. తిరుమలలో శ్రీ రామానుజాచార్యుల ఆనతిపై అనంతాళ్వారులు పూలతోట పెంచిన వృత్తాంతం భక్తులందరికీ విదితమే. పూల తోట పెంచడమే జీవితకైంకర్యంగా భావించిన మహనీయుడాయన. నేటికీ పురిశైవారి తోట ఉత్సవ సందర్భంలో స్వామివారి శఠారి మర్యాద ఒక పొగడచెట్టుకు దక్కుతున్నది. చెట్టుకు ఇంతకంటె గొప్ప గౌరవం ఏముంటుంది?

మధ్యమమైన పెరడు గలవారికి పారిజాతం, మనోరంజితం అనుకూలం. పారిజాతం రాత్రి విచ్చి తెల్లవారుజామున రాలుతుంది. నేలరాలిన పూలు పూజకు పనికిరావనే నియమానికి ఇది మినహాయింపుగా మన ఆచారంలో ఉంది. అందుచేత చెట్టుక్రింద శుభ్రంగా అలికి ఉంచడమో, వస్త్రం పరచడమో చేయాలి. మనోరంజితపు పూవు మొదట ఆకుపచ్చగా ఉండి ఆకుల నడుమ కనబడదు, పండి పసుపెక్కినప్పుడు పండ్ల పరిమళంతో తన ఉనికి చాటుతుంది. దీనికి బలమైన పందిరి కావాలి. మాధవీలత మరింత బలిష్ఠమైన తీగ, దశాబ్దాలు జీవిస్తుంది. దానికి రాతిస్తంభమో పెద్ద చెట్టో ఆధారమివ్వాలి, సన్నని కర్రలు చాలవు.

మేడమీద కుండీలే శరణ్యమైనవారు చింతించనక్కరలేదు. మరువం, మాచీపత్రి, విష్ణుక్రాంతం, గరిక కుండీలలో చక్కగా నిలుస్తాయి. మరువం కొమ్మతో వస్తుంది, నీరు నిలిస్తే కుళ్ళుతుంది. మాచీపత్రి వేళ్ళు పాకి దుబ్బు కడుతుంది కనుక ఏడాదికొకసారి విడదీసి పదిమందికి పంచవచ్చు. ఇదీ ఒక దానమే.

జన్మనక్షత్ర వృక్షాలు

నక్షత్రవనానికి మొక్కలు సమర్పించే భక్తులు పెరుగుతున్నారు. భరణికి ఉసిరి, రోహిణికి నేరేడు, చిత్తకు మారేడు, అనూరాధకు పొగడ, శతభిషానికి కడిమి, రేవతికి ఇప్ప అని చెబుతారు. మఖానక్షత్ర జాతకునికి మర్రి చెప్పబడింది. 150 గజాల ఇంటిస్థలంలో మర్రి నాటడం సాధ్యమా? అశ్వినికి చెప్పిన ముష్టి గింజలు ప్రాణాంతకమైన విషం. అట్టివారు తమ ఇంట నాటనక్కరలేదు. తగిన స్థలం గల ఆలయభూమిలో నాటించి, దాని పోషణభారం వహిస్తే సంకల్పం నెరవేరినట్లే.

దాతలకు విజ్ఞప్తి

మొక్క కొని, నాటి, ఛాయాచిత్రం తీయించుకొని వెళ్ళడంతో కైంకర్యం పూర్తి కాదు. నాటిన చెట్టుకు వేసవిలో ఉదయం సాయంకాలం, చలికాలంలో దినం విడిచి దినం, వర్షాకాలంలో నేల ఎండినప్పుడు నీరు పోయాలని వరాహమిహిరుడు నియమం చెప్పాడు. ఈ నియమంలో నీటికంటె ముఖ్యమైనది పోసే మనిషి. తల్లిదండ్రుల స్మృతికై నాటిన మొక్క వేసవిలో నీరు లేక ఎండిపోతే, ఆ పేరు చెక్కిన ఫలకం మాత్రం మిగిలితే, చూచేవారికి ఎంత బాధ!

అందుచేత నా సూచన ఇది. 10 మొక్కలు ఇవ్వగలిగినవారు మూడే ఇచ్చి, మిగిలిన ద్రవ్యాన్ని కనీసం మూడు వేసవుల నీటికి, కంచెకు, తోటమాలి వేతనానికి వినియోగించండి. ఆషాఢ శ్రావణాలలో తొలకరి పడిన తరువాత నాటండి. గుంత పొడవు, వెడల్పు, లోతు 3 అడుగులుగా త్రవ్వించి, కొన్నాళ్ళు ఎండనిచ్చి, పశువులఎరువు కలిపిన మట్టితో నింపండి. నాటిన చెట్టు ఆకు, పూవు, కాయ గుర్తులతో సహా దాని అసలు పేరును ఆలయ దస్త్రంలో వ్రాయించండి. దాత పేరు చెరిగినా నష్టం లేదు, చెట్టు పేరు చెరుగరాదు.

బృహత్సంహిత తోటలోనైనా ఇంటనైనా మొదట నాటవలసిన మంగళవృక్షాలను కొన్ని చెబుతున్నది. అరిష్టం, అశోకం, పున్నాగం, శిరీషం, ప్రియంగువు. అరిష్టమంటే మన వేప, శిరీషమంటే దిరిసెన. పెద్దలు ఎంచిన ఈ వరుసను వేపతో ఆరంభించడం గమనింపదగినది. ఏ అంగడిలోనూ అపురూపమని అమ్మని చెట్టు అది. కాబట్టి ఏది నాటవలెనో తోచని భక్తుడు నిస్సంకోచంగా వేపతో మొదలుపెట్టవచ్చు. దానిని బ్రతికించినవానికి పొగడను, పొన్నను బ్రతికించే ఓర్పు తప్పక అలవడుతుంది.

సర్వేషాం శుభం భవతు.